నాన్నకి గ్లకోమా. "పేపర్ చదువుతున్నాను కదా, నాకేమైంది" అంటున్నారు. ఎలా చెప్పి మందు వేయించాలి?

బోసురోడ్డు:

అందరికీ నమస్కారం. మాది తెనాలి. నాన్నకి 61 ఏళ్లు, చిన్న కిరాణా కొట్టు ఉంది. నేను ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో ఉంటాను.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఒక సంగతి గమనించాను. నాన్నకి ముందు నుంచీ కింద కూర్చుని తినడమే అలవాటు. మంచినీళ్ల గ్లాసు కంచం పక్కన పెడతాం. మూడు రోజుల్లో రెండుసార్లు చెయ్యి తగిలి గ్లాసు ఒలికిపోయింది. అమ్మ "ఈమధ్య పరధ్యానం ఎక్కువైంది" అని తుడిచేసింది. కనుమ రోజు గుడికి వెళ్తే, మెట్లు దిగుతూ ఆఖరి మెట్టు దగ్గర తడబడ్డారు. నా భుజం పట్టుకోబట్టి సరిపోయింది. అద్దాల నంబరు మారిందేమో అని కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను.

గోడ మీది అక్షరాలు ఆఖరి వరస దాకా గడగడా చదివేశారు. ఇక ఇంటికి బయల్దేరదాం అనుకుంటుంటే డాక్టర్ గారు కంటి ప్రెషర్ చూశారు. కుడి కంట్లో 30, ఎడమ కంట్లో 26. మందు వేసి వెనక నరం చూశారు. కప్పు, అంటే నరం మధ్యలో ఉండే గుంట, కుడికంటికి 0.9, ఎడమకంటికి 0.7 అన్నారు. తర్వాత చీకటి గదిలో ఫీల్డ్ టెస్ట్, చూపు చుట్టూ ఎంత మేర అందుతోందో చూసే పరీక్ష. కుడికంటి కాగితంలో కింది సగం దాదాపు నల్లగా వచ్చింది. ఆ నలుపు చూసి నాకు కాళ్లు చల్లబడ్డాయి. గ్లకోమా అన్నారు, మనవాళ్లు నీటికాసులు అనేది ఇదే. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి అన్నారు. రాత్రికి లాటనోప్రోస్ట్ ఒక చుక్క, పొద్దున సాయంత్రం టిమొలాల్ రాశారు.

మొదటి సీసాలు అయిపోయాయి. మళ్లీ కొనలేదు. ఫోన్ చేస్తే "వాడాను కదమ్మా, తగ్గిపోయింది. పేపర్‌లో చిన్నక్షరాలు కూడా చదువుతున్నాను, కళ్లజోడు కూడా తీసేసి" అంటారు. గట్టిగా అడిగితే "ఆ చుక్కలు వేస్తే మండుతోంది, కళ్లు ఎర్రబడుతున్నాయి. శుక్లం ముదిరాక ఎలాగూ ఆపరేషనే కదా" అంటారు. ఇది శుక్లం కాదని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కడం లేదు. నొప్పి లేదు, మసక లేదు, ఆయన దృష్టిలో అసలు జబ్బే లేదు.

ఇంత చూపు పోతే మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? మందు మానేస్తే ఎంత నష్టం? నాకు 34, నేను కూడా చూపించుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

పాత కండక్టర్:

అమ్మా, మీ నాన్నగారు అబద్ధం చెప్పడం లేదు. ఆయనకి నిజంగానే బాగా కనిపిస్తోంది. నాకూ అలాగే కనిపించేది.

నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. 2011లో నా వయసు 52. బస్సులో కూర్చున్నవాళ్లు టికెట్టుకి డబ్బులు కింది నుంచి చాపుతారు కదా. ఆ చెయ్యి నాకు కనపడేది కాదు. "కండక్టర్ గారూ, ఎంతసేపు పట్టుకోవాలి?" అని అరిస్తే అప్పుడు చూసేవాణ్ణి. ఒకావిడ పొగరనుకుంది, నాలుగు మాటలు అంది. టికెట్ మిషన్ మీద అంకెలు చక్కగా కనిపించేవి, చిల్లర లెక్కలో రూపాయి తేడా వచ్చేది కాదు. నా కళ్లకి ఏదో అయిందన్న ఆలోచనే రాలేదు. చాన్నాళ్లు అలాగే గడిచిపోయాయి. చివరికి దగ్గరి చూపు అద్దాల కోసం వెళ్తే బయటపడింది.

అందరూ అనుకుంటారు, చూపు పోతే నల్లగా కనిపిస్తుందని. నల్లగా ఏమీ ఉండదమ్మా. అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. మన వీపు వెనక నల్లగా ఉందని ఎవరికైనా అనిపిస్తుందా? అలాగ. పైగా ఒక కంట్లో లేనిది రెండో కన్ను చూపిస్తుంది, మిగతాది మెదడు పూడ్చేస్తుంది. అందుకే మెట్టు కనపడని మనిషి పేపర్ చదవగలడు.

ఒక పని చేయండి. నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమకన్ను అరచేత్తో మూయమనండి. ఎదురుగా గోడ మీద క్యాలెండర్‌లో ఒక తేదీ మీదే చూపు నిలపమనండి, కన్ను కదపకూడదు. మీరు పక్కన నిలబడి స్టీలు గ్లాసు ఒకటి ఆయన ఒళ్లోనుంచి మెల్లగా పైకి ఎత్తండి. ఎప్పుడు కనిపించిందో చెప్పమనండి. తర్వాత రెండో కన్ను మూసి అదే పని. ఇది పరీక్ష కాదు, దీన్ని బట్టి మందు మార్చకూడదు. కానీ డాక్టర్ గారు పదిసార్లు చెప్పినా ఎక్కనిది నా మనవడు రూళ్లకర్రతో ఇలా చూపించాక నాకు ఎక్కింది. ఆ రోజు నేను చాలాసేపు మాట్లాడలేదు.

నాకు 2013లో కుడికంటికి ఆపరేషన్ చేశారు, ట్రాబెక్యులెక్టమీ అంటారు. పైరెప్ప కింద తెల్లగుడ్డులో చిన్న దారి చేసి, లోపలి నీరు పైపొర కిందికి ఇంకేలా చేస్తారు. చూపు పెరగడానికి కాదు, ప్రెషర్ తగ్గడానికి. ఆ కన్ను ఎప్పుడు ఎర్రబడి పుసి కట్టినా ఆ రోజే రమ్మన్నారు, ఆ మాట ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను. ఎడమకంటికి ఇప్పటికీ చుక్కలే. ప్రెషర్ 12, 13 దగ్గర ఉంటోంది. పోయింది రాలేదు. మిగిలింది మిగిలింది, ఈ జవాబు కళ్లజోడు పెట్టుకుని నేనే టైపు చేస్తున్నాను.

చుక్క వేసే పద్ధతి కూడా చెప్తాను, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. పడుకుని కింది రెప్పని కొంచెం లాగి ఆ సందులో ఒక్క చుక్క. రెండు వేస్తే రెండోది చెంప మీదికే. సీసా మూతి కంటికి తగలకూడదు. వేశాక కన్ను మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలని వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. మందు గొంతులోకి, ఒంట్లోకి పోకుండా కంట్లోనే ఉంటుంది. ఇంకో మందు ఉంటే అయిదు నిమిషాలు ఆగాలి. సీసా తెరిచిన తేదీ పెన్నుతో దాని అట్టపెట్టె మీద రాస్తాను. నెల దాటితే మందు మిగిలినా పారేస్తాను.

కంటి పరీక్షల గది:

నేను ఆప్టోమెట్రిస్టుని, రోజూ ఫీల్డ్ టెస్టులు చేసేది నేనే. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం.

కంటిలోపల ఒక నీరు నిరంతరం తయారవుతుంది. కన్నీళ్లు కాదు, అవి వేరు. ఈ నీరు కంటి ముందుభాగంలో మూలనున్న జల్లెడ లాంటి దారిగుండా బయటికి పోవాలి. ఆ దారి సరిగా పని చేయకపోతే ప్రెషర్ పెరిగి, వెనక ఉన్న నరం పోగులు కొన్ని కొన్నిగా చచ్చిపోతాయి. కప్పు 0.9 అంటే నరం తలలో మధ్యనున్న గుంట బాగా పెద్దదైంది, చుట్టూ ఆరోగ్యంగా మిగిలిన అంచు సన్నబడింది అని అర్థం. నరం పైభాగం దెబ్బతింటే చూపులో కిందిభాగం పోతుంది. గ్లాసు, మెట్టు, గడప అందుకే.

శుక్లం అంటే లెన్సు మసకబారడం, లెన్సు మారిస్తే చూపు వస్తుంది. నరం మార్చడానికి లేదు. ముదిరేదాకా ఆగుదాం అన్న మాట శుక్లానికైనా కొంత చెల్లుతుంది, దీనికి అసలు చెల్లదు.

మామూలు ప్రెషర్ 10 నుంచి 21 అంటాం. కానీ 16, 17 ఉన్నవాళ్లకి కూడా నరం దెబ్బతినడం నేను చూస్తుంటాను. కార్నియా, అంటే కంటి ముందున్న పారదర్శకమైన పొర, పలచగా ఉంటే మిషన్ అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. అందుకే ఒక్క ప్రెషర్ చూసి "నీకేం లేదు" అంటే నమ్మకండి, నరం చూడాలి. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్లు 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద సర్వే చేశారు. అందులో గ్లకోమా బయటపడ్డవాళ్లలో పదింట తొమ్మిదిమందికి పైగా తమకి ఉన్నట్టే తెలియదు.

ఫీల్డ్ టెస్ట్ చేయించుకునేవాళ్లకి ఒక మాట. అందులో వెలిగే చుక్కల్లో దాదాపు సగం కనపడనంత మసకగా కావాలనే వేస్తుంది మిషన్. కనపడలేదని టెన్షన్ పడి ఊరికే బటన్ నొక్కేస్తారు, రిపోర్టు పాడవుతుంది. మొదటిసారి చాలామందికి సరిగా రాదు, మళ్లీ చేయమంటే విసుక్కోకండి.

మీ 34 ఏళ్లకి: తప్పకుండా చూపించుకోండి. అమ్మానాన్నల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఒకరికి ఉంటే మిగతావాళ్లకి వచ్చే అవకాశం కొన్ని రెట్లు ఎక్కువ. బాబాయిలకీ మేనత్తలకీ కూడా చెప్పండి.

ఇప్పుడు మీరు నాకు రెండు జవాబులు చెప్పాలి. నాన్నగారికి ఉబ్బసం గానీ ఆయాసం గానీ ఉందా? టిమొలాల్ అలాంటివాళ్లకి ప్రమాదం, చుక్కే కదా అనుకోవద్దు. రెండు, ఇంతకుముందు కళ్లకి ఏవైనా చుక్కలు సొంతంగా వాడారా?

గోదారి గట్టు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నొప్పి ఉండదని చదివి ఎవరూ పొరపడకూడదని రాస్తున్నాను. మా అత్తయ్యకి వచ్చింది ఇంకో రకం, దారి ఒక్కసారిగా మూసుకుపోయేది. సాయంత్రం సగం తల పగిలిపోయే నొప్పి, కన్ను ఎర్రగా, వాంతులు. బల్బు చుట్టూ రంగుల వలయం కనిపిస్తోంది అంది, ఆ మాట ఎవరం పట్టించుకోలేదు. దగ్గర్లో చూపిస్తే పైత్యమన్నారు, ఇంజెక్షన్ చేసి పంపారు. రెండు రోజులు పోయాయి. కంటి ఆస్పత్రికి చేరేసరికి ప్రెషర్ 54. ఆ కంట్లో ఇప్పుడు వెలుగు మాత్రమే తెలుస్తుంది. రెండో కంటికి ముందుజాగ్రత్తగా లేజర్‌తో చిన్న రంధ్రం చేశారు, అది బాగుంది. తలనొప్పి, వాంతులు, కన్ను ఎరుపు కలిసి వస్తే గంటల్లో కంటి డాక్టర్ దగ్గర ఉండాలి.

బోసురోడ్డు:

శనివారం తెనాలి వెళ్లాను. ముందు ఆ రెండు ప్రశ్నలకి జవాబు. నాన్నకి చలికాలంలో ఆయాసం వస్తుంది, ఇన్‌హేలర్ వాడతారు. కంటి డాక్టర్ అడిగితే "ఏం లేదండీ" అన్నారట, కంటికీ ఊపిరికీ ఏం సంబంధం అనుకుని. రెండోది, కొట్లో గల్లాపెట్టె అరలో ఒక చుక్కల సీసా దొరికింది. మిరపకాయల బస్తాలు, గోనెసంచుల దుమ్ముకి కళ్లు దురద పెడితే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని, నాలుగేళ్లుగా అదే వేస్తున్నారు. సీసా మీద డెక్సామెథాసోన్ అని ఉంది.

కంటి పరీక్షల గది:

అది స్టెరాయిడ్. కొంతమందికి కొన్ని వారాల్లోనే ప్రెషర్ పెంచేస్తుంది, దురద మాత్రం హాయిగా తగ్గుతుంది, అందుకే మానరు. ఆ సీసా తీసుకుని, ఇన్‌హేలర్ కూడా పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రెండూ ఆయన కళ్లారా చూడాలి.

బోసురోడ్డు:

వెళ్లొచ్చాం. స్టెరాయిడ్ చుక్కలు ఆపించి దురదకి వేరేవి ఇచ్చారు. టిమొలాల్ తీసేసి డోర్జోలమైడ్ రాశారు. లాటనోప్రోస్ట్ ఎరుపు కొద్దికొద్దిగా తగ్గుతుందట. నెల తర్వాత మళ్లీ ప్రెషర్ చూస్తారు. నన్ను కూడా అక్కడే చూశారు. ప్రెషర్ 17, నరం బాగుంది, ఏటా రమ్మన్నారు.

కండక్టర్ గారూ, ఆదివారం పొద్దున మీరు చెప్పినట్టే గ్లాసుతో చూపించాను. ఎడమకంటితో గ్లాసు పొట్ట దాకా రాగానే "ఆ, వచ్చింది" అన్నారు. కుడికంటితో గడ్డం దాటినా ఏమీ అనలేదు. "ఎత్తమ్మా" అన్నారు. ఎత్తే ఉంది నాన్నా అన్నాను. చెయ్యి చాపి తడిమి చూశారు, గ్లాసు వేళ్లకి తగిలింది. మళ్లీ ఒకసారి పెట్టమన్నారు. మూడోసారి కూడా. తర్వాత అమ్మని పిలిచి, రాత్రి తొమ్మిదింటికి గుర్తు చేయమన్నారు.

ఒక చిన్న సందేహం. కొత్త లాటనోప్రోస్ట్ సీసా ఇంకా తెరవలేదు. అమ్మ ఫ్రిజ్ తలుపు అరలో పెట్టింది. సరిపోతుందా?

పాత కండక్టర్:

సరిపోతుందమ్మా. పైన ఐసు గడ్డకట్టే అరలో మాత్రం వద్దు. తెరిచాక తేదీ రాయడం మర్చిపోవద్దని అమ్మగారికి చెప్పండి.