ఓటిస్ రెడ్డింగ్ మోనో ఎల్పీ డిజిటల్‌కి మార్చాలంటే ఏ ముల్లు వాడాలి?

అమెరికన్ సోల్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ ‘ఓటిస్ బ్లూ’ (1965) మోనో (ఒకే ఛానల్ ధ్వని) ఎల్పీ రికార్డుని డిజిటల్‌కి మారుస్తున్నాను. స్టీరియో ప్రతి దీనికి బదులు కాదు. ‘ఐవ్ బీన్ లవింగ్ యూ టూ లాంగ్’ మోనో ఎల్పీలో ముందు సింగిల్‌గా (విడి పాట రికార్డుగా) వచ్చిన రికార్డింగే. స్టీరియోలో ఉన్నది జూలైలో మెంఫిస్ స్టాక్స్ స్టూడియోలో మళ్లీ పాడింది. నా చెవికి ఆ వేడుకోలు పాతదాంట్లోనే ఎక్కువ.

చిక్కేమిటంటే, అది మొదటి వైపు చివరి పాట. లేబుల్ దగ్గర గాడి వేగం తక్కువ, సరిగ్గా అక్కడే ఓటిస్ గొంతెత్తి బతిమాలతాడు. 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) స్టీరియో ముల్లుతో ఆ ‘ప్లీజ్’లు చీలిపోతున్నాయి. రెండు ఛానళ్లూ కలిపితే చిటపటలు తగ్గుతున్నాయి. మోనో గాడిలో పాటంతా అడ్డకదలికే కదా, నిలువుది రొద మాత్రమే. కానీ బాకాల పదునూ పోతోంది. అజిమత్ తేడాతో, అంటే ముల్లు గాడిలో వంకరగా కూర్చోవడంతో, ఛానళ్ల మధ్య కాలం జరిగి, పై స్థాయి ధ్వనులు ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయని నా అనుమానం.

1 మిల్ కోనికల్ (గుండ్రటి మొన) ముల్లు గాడిలో అరగని చోట ఆనుతుందా? అజిమత్ సరిచేశాక కలపడం మేలా, లేక తక్కువ అరిగిన ఒక్క ఛానల్‌నే తీసుకోవాలా? ఆ కాలపు మోనో ప్రెస్సింగులతో పనిచేసినవాళ్లు ముల్లు సైజు, ట్రాకింగ్ బరువుతో (ముల్లు గాడి మీద మోపే బరువు) సహా చెప్పండి, దయచేసి.