ఓరుగల్లు కోటలో స్వయంభూ ఆలయాన్ని మళ్లీ కట్టాలా?

శిలాతోరణం: నాలుగు దిక్కులా కీర్తి తోరణాలు నిలిచే ఉన్నాయి, నడుమ గుడి లేదు. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ ఈ కాకతీయుల కోటను పట్టుకున్నాక అది నేలకూలింది. చెక్కిన రాళ్లు అక్కడే పడి ఉన్నాయి. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి మళ్లీ నిలబెట్టి, 2024లో భక్తులకు తెరిచారు. ఇక్కడ ఎందుకు కట్టకూడదు?

పాతరాయి: మండపం నిలిచి ఉండగా విప్పారు. ఏ రాయి ఎక్కడిదో తెలుసు. స్వయంభూ ఆలయ శిఖరం ఎలా ఉండేదో చూసినవారెవరు? పాత కట్టడాలను ఎలా కాపాడాలో చెప్పే 1964 నాటి అంతర్జాతీయ వెనిస్ ఒడంబడిక, దొరికిన అసలు భాగాలను తిరిగి పేర్చడానికే ఒప్పుకుంటుంది. ఊహించి కట్టడానికి కాదు.

శిలాతోరణం: శ్రీశైలం ముంపు నుంచి కూడలి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించలేదా?

పాతరాయి: అదీ నిలిచి ఉన్న గుడే. శిఖరం సంగతి చెప్పండి.

చెరువుగట్టు: రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఓరుగల్లు కోట ఎవరికీ పట్టదు.

కోటవాసి: మా ఇల్లు మట్టికోట లోపలే. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్తగా ఏదీ కట్టకూడదు. మరమ్మతుకు అనుమతి ఇవ్వవచ్చని చట్టంలో ఉంది. అయినా వానకు కూలిన వంటగది గోడ లేపుకోవడానికి మా నాన్న ఒక కార్యాలయం చుట్టూ తిరిగి తిరిగి నీరసించిపోయారు. మీరేమో ఏకంగా గుడే కడతామంటున్నారు.

పాతరాయి: మీ వంటగదికీ శిఖరానికీ సంబంధమేమిటండీ?

శిలాతోరణం: ఆయన బాధ ఆయనది, వదిలేయండి. అసలు మీకు రాళ్లు కావాలి, దేవుడు అక్కర్లేదు. నాకు అక్కడ దీపం వెలగాలి!

పాతరాయి: ఇన్ని మాటల తర్వాత అసలు సంగతి బయటపడింది. ఆ ఆలయానిదని చెప్పే చతుర్ముఖ లింగం దగ్గరలోని శంభుని గుడిలో పూజలందుకుంటోంది. దీపం అక్కడ పెట్టండి. 1323లో ఏం జరిగిందో మా అమ్మాయికి అర్థమైంది ఆ విరిగిన స్తంభాలను చూశాకే. కొత్త గోడలు లేపితే ఆ సాక్ష్యం పోతుంది.

శిలాతోరణం: మన ఓటమిని ఏడు వందల ఏళ్లుగా ఆరుబయట పరిచి ఉంచారు. అది మీకు సాక్ష్యం, నాకు పుండు.

కోటవాసి: మీరిద్దరూ చూసి సాయంత్రానికి వెళ్లిపోతారు. ఉండేది మేము. కట్టినా, మానినా ముందు కోటలో ఉన్నవాళ్లను కూర్చోబెట్టి అడగండి.

పాతరాయి: అడగాల్సిందే. కానీ శిఖరం ఎలా ఉండేదో వాళ్లకూ తెలియదు.