‘నిలకడ’ అంటే ఆగిపోవడమేనా?

గుంపులో పెద్దలకు ఒక ప్రశ్న. మా వాడు తొమ్మిదో తరగతి. ‘వస్తువు మీద బలాలు సంతులితంగా ఉంటే ఏమవుతుంది?’ అంటే ‘వస్తువు కదలదు’ అని రాసి మార్కు పోగొట్టుకున్నాడు. చిన్నప్పుడు తిరుమలలో వాడికి తులాభారం వేశాం. అటు బెల్లం, ఇటు వీడు. రెండు పళ్లేలూ సరితూగాక కదల్లేదు కదా నాన్నా అంటాడు. వాణ్ణి ఏమనను! ‘తుల’ ఉన్న మాట తక్కెడనే చూపిస్తుంది మరి. దాని బదులు ‘నిలకడ’ అంటే ఎలా ఉంటుంది? పుట్టుక ‘నిలుచు’లోంచే. కానీ ‘నీళ్లు నిలకడగా పారుతున్నాయి’ అనీ అంటాం.

↳ చిత్తూరు నుంచి: అన్నా, మా ఇంట్లో ‘వీడికి ఒక చోట నిలకడ లేదు’ అనే తిట్టు. అంటే ఆగమనే కదా? నీ మాట కూడా తక్కెడ దగ్గరికే వచ్చింది.

↳ రెండూ ఉన్నాయి, అదే దాని గొప్ప. జ్వరం నిలకడగా ఉందంటే తగ్గిందనా? పెరగలేదు, తగ్గలేదు, అంతే. మారకపోవడం. న్యూటన్ 1687లో చెప్పిందీ ఇదే: ఫలిత బలం (అన్ని బలాలనూ దిక్కులతో సహా కలిపితే మిగిలేది) సున్నా అయితే ఆగి ఉన్నది ఆగే ఉంటుంది, పోతున్నది అదే వేగంతో, అదే దిక్కుకు పోతూనే ఉంటుంది. పాత ఘాట్ రోడ్డులో కొండ దిగే బస్సు చూడండి. సెకండ్ గేర్, స్పీడు ముల్లు 30 మీద. వాలు కిందికి లాగుతుంది. ఇంజన్ పట్టు, కాస్త బ్రేకు, ఎదురుగాలి కలిసి అంతే బలంతో వెనక్కి లాగుతాయి. లెక్క సరిపోయింది, అయినా బస్సు దిగుతూనే ఉంది.

↳ సార్, ఆ ముల్లును నమ్మొద్దు. మీరన్నది తిన్నని రోడ్డుకే. వంపులో ముల్లు 30 దగ్గరే ఉన్నా దిక్కు మారుతోంది. రోడ్డు టైర్లను వంపు లోపలి వైపుకు నెడితేనే బస్సు తిరుగుతుంది. అక్కడ బలాలు సరిపోయినట్టు కాదు. పాత ఘాట్‌లో తిన్నని రోడ్డు ఎంతుందో మనకు తెలియనిదా!

↳ (ప్రశ్న వేసినాయన) భలే. అంటే ముల్లు నిలకడగా ఉన్నా బస్సు నిలకడగా లేదన్నమాట. ప్రతి వంపులో పక్కాయన నా మీదికి ఎందుకు ఒరుగుతాడో ఇప్పుడర్థమైంది. పాపం, ఆయన తిన్నగానే పోవాలని చూస్తున్నాడు. పోయినసారి అనవసరంగా కసురుకున్నాను.