బైసన్లను మళ్లీ ప్రెయిరీ గడ్డి మైదానాల్లోకి తెస్తుంటే పశువుల రాంచ్‌ల వాళ్ళు ఎందుకు వద్దంటున్నారు?

పచ్చికబాట (ప్రశ్న)

పోయిన వేసవిలో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో మాల్టా అనే ఊరి వైపు కారులో వెళ్తుంటే కంచెల మీద ‘కౌబాయ్‌ని కాపాడండి, అమెరికన్ ప్రెయిరీ రిజర్వ్‌ను ఆపండి’ అని బోర్డులు కనిపించాయి. ఒకటి రెండు కాదు, చాలా దూరం వరకు ఉన్నాయి. ఆ రిజర్వ్ అంటే అక్కడ బైసన్లను తెచ్చి పెంచే సంస్థ. నాకు తెలిసిందల్లా ఒకప్పుడు అక్కడ కోట్ల సంఖ్యలో తిరిగిన జంతువును పందొమ్మిదో శతాబ్దం చివరికి వెయ్యి లోపుకి తెచ్చేశారని, 1902లో యెల్లోస్టోన్ జాతీయ పార్కులో పాతిక కూడా మిగల్లేదని. అంత అన్యాయం జరిగిన జంతువు తిరిగి వస్తుంటే సంతోషించాలి కదా? 2016లో దాన్ని జాతీయ క్షీరదంగా ప్రకటించింది కూడా అమెరికానే. మరి ఈ కోపం దేనికి? రాంచ్‌ల వాళ్ళ భయంలో న్యాయం ఉందా, లేక మార్పు అంటేనే భయమా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

మట్టివాసన (జవాబు)

ముందు బైసన్ వస్తే నేలకు ఏమవుతుందో చెప్తాను, ఎందుకంటే చాలామంది దాన్ని ఇంకో రకం ఆవు అనుకుంటారు. (అక్కడివాళ్ళు దాన్ని బఫెలో అంటారు గానీ మన గేదెకి దానికి సంబంధం లేదు.) బైసన్ ఎక్కువగా గడ్డి జాతులనే మేస్తుంది, పూల మొక్కల జోలికి పెద్దగా వెళ్ళదు. పొడవాటి గడ్డి తగ్గేసరికి కింద ఎండ తగలక అణిగిపోయిన మొక్కలు లేస్తాయి. ఒంటికి దుమ్ము పట్టించుకోవడానికి ఒకేచోట మళ్లీ మళ్లీ పొర్లితే అక్కడ గుంట పడుతుంది, వాన పడితే అందులో నీళ్ళు నిలిచి చుట్టూ వేరే మొక్కలు మొలుస్తాయి. మంట పెట్టిన చోట లేత గడ్డి వస్తే మంద అక్కడికి వెళ్తుంది, కాలని చోట గడ్డి ఎత్తుగా పెరుగుతుంది, అలా ఒకే మైదానంలో పొట్టి గడ్డిలో బతికే పిట్టకీ ఎత్తు గడ్డిలో గూడు కట్టే పిట్టకీ చోటు దొరుకుతుంది. కాన్సాస్‌లోని కోంజా ప్రెయిరీలో దాదాపు 30 ఏళ్ళు లెక్కలు తీస్తే, బైసన్లు మేసిన చోట స్థానిక మొక్కల రకాలు దాదాపు రెట్టింపయ్యాయి. ఆవులు మేసిన చోట కూడా పెరిగాయి కానీ అంత కాదు. మధ్యలో గట్టి కరువు వచ్చినా ఆ నేల తట్టుకుంది. నాకు వీటన్నిటిలో ఎక్కువ నచ్చింది ఆ కరువు సంగతే.

కాబట్టి నేల వైపు నుంచి చూస్తే నాకు అనుమానం లేదు, రావాలి.

దొడ్డిగేటు (జవాబు)

పచ్చికబాట గారూ, నేను పశువైద్యం చదివి ఆ ప్రాంతంలో కొన్నాళ్ళు పనిచేశాను. ‘మార్పు అంటే భయం’ అనేస్తే వాళ్ళకి అన్యాయం చేసినట్టే.

మొదట బ్రూసెల్లోసిస్. ఇది పశువులకు వచ్చే అంటుజబ్బు, సోకితే ఆవు ఈచుకుపోతుంది, అంటే కడుపు పోతుంది. యెల్లోస్టోన్ మందలో ఈ జబ్బు ఉంది, అసలు అది పశువుల నుంచే బైసన్లకు అంటుకుంది. 2008లో మోంటానా ‘బ్రూసెల్లోసిస్ లేని రాష్ట్రం’ అనే హోదా పోగొట్టుకుంది, మరుసటి ఏడాది తిరిగి వచ్చింది గానీ ఆ మధ్యలో పశువుల్ని వేరే రాష్ట్రానికి అమ్మాలంటే పరీక్షల మీద పరీక్షలు. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు. అయితే న్యాయంగా ఇంకో మాట చెప్పాలి: అక్కడ ఆవులకు జబ్బు వచ్చిందని తేలిన కేసులు ఎల్క్‌ల (ఒక రకం పెద్ద జింకల) నుంచి వచ్చినవే, అడవి బైసన్ నుంచి కాదు. పైగా మాల్టా దగ్గరి మంద విండ్ కేవ్ పార్కు నుంచీ కెనడాలోని ఎల్క్ ఐలాండ్ పార్కు నుంచీ తెచ్చినది, అందులో ఈ జబ్బు లేదు. జబ్బు పేరు చెప్పి ఆ మందను వద్దనడం నాకు సబబుగా అనిపించదు.

అసలు బాధ వేరే. ఆ సంస్థ ఒక్కో రాంచ్ అమ్మకానికి వచ్చినప్పుడల్లా కొంటుంది, ఆ కుటుంబం ఊరు వదిలిపోతుంది. ఇంకో కుటుంబం వెళ్తే బడిలో పిల్లలు తగ్గుతారు, దాని తర్వాత పశువుల సంత, పనిముట్ల దుకాణం. మూడు నాలుగు తరాలుగా చలికాలపు మంచులో ఆవులకు ఎండుగడ్డి వేసిన మనిషికి ఆ బోర్డు రాసుకునే హక్కు ఉంది.

ఇంకొకటి, మీరు మాల్టా వైపు చూసినవి చట్టం దృష్టిలో పశువులు, వన్యమృగాలు కావు. కంచె దూకితే యజమాని ఉన్నాడు, వాడిని అడగొచ్చు. రేపు వాటిని నిజంగా ‘అడవి జంతువు’ చేస్తే 900 కిలోల మగ బైసన్ గోధుమ చేలో పడినప్పుడు రైతు ఎవరి ఇంటి ముందు నిలబడాలి? దీనికి సూటి జవాబు రానంతవరకు వాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

పచ్చికబాట

నేను జబ్బు గురించే గొడవ అనుకున్నాను. బడి సంగతి అస్సలు తట్టలేదు, చదివాక మనసు బరువెక్కింది. మరి కెనడాలోని బ్యాన్ఫ్ జాతీయ పార్కులోకి కూడా బైసన్లను తెచ్చారు కదా, అక్కడ ఎలా చేశారు?

చలిమంట (జవాబు)

బ్యాన్ఫ్‌లో 2017లో 16 బైసన్లను తెచ్చి, ఏడాదిన్నర కంచెలో ఉంచి, 2018లో వదిలారు. అది కొండ ప్రాంతం, పొలాలు దూరం. అయినా ఆ ఏడాదే మగవి కొన్ని బయటికి నడిచాయి, రాంచ్‌ల వైపు వెళ్తున్న ఒకదాన్ని చంపేయాల్సి వచ్చింది. దొడ్డిగేటు గారు అడిగింది ఉత్తి ఊహ కాదు.

కానీ ఈ చర్చలో ఇంతవరకు ఒక్కరూ ఆదివాసీ తెగల పేరెత్తలేదు. బైసన్లను చంపింది వాళ్ళని ఆకలితో లొంగదీయడానికి కూడా. మోంటానాలోని ఫోర్ట్ పెక్ ఆదివాసీ ప్రాంతంలో అస్సినిబాయిన్, సూ తెగలు 2012లో యెల్లోస్టోన్ నుంచి సుమారు 60 బైసన్లను తెచ్చుకున్నాయి. జబ్బు లేదని తేలేదాకా వేరుగా ఉంచి, పరీక్షలు చేసి, ఆ తర్వాతే వేరే తెగలకు పంచుతున్నారు. ఆ క్వారంటైన్ లేకపోతే శీతాకాలంలో పార్కు దాటిన వాటిలో ఇంకా చాలా కబేళాకు పోయేవి. 2023లో బ్లాక్‌ఫీట్ తెగ చీఫ్ మౌంటెన్ దగ్గర తమ భూమిలో కొన్నింటిని వదిలింది. ఇక్కడ భూమి చేతులు మారలేదు, ఎవరూ ఊరు వదల్లేదు, పైగా మాంసం పెద్దలకీ బడి పిల్లలకీ అందుతోంది. చాలా రాంచ్ కుటుంబాల కంటే ముందు ఆ నేల మీద ఉన్నవాళ్ళు వీళ్ళు. మొదలుపెట్టాల్సింది అక్కడినుంచే అని నా గట్టి నమ్మకం.

దొడ్డిగేటు

ఒప్పుకుంటాను చలిమంట గారూ. అయితే తెగల భూమి పక్కన కూడా రాంచ్‌లు ఉన్నాయి, అక్కడా మంద కంచె దాటుతుంది. దాటినప్పుడు ఫోన్ చేస్తే గంటలో మనిషి వచ్చి తోలుకుపోయే ఏర్పాటు ఉన్న చోట గొడవ తక్కువ, అది నేను చూశాను. కంచెలో అన్నిటికంటే కింది తీగ నునుపుగా కాస్త ఎత్తులో ఉంటే ప్రాంగ్‌హార్న్ జింకలు కింద నుంచి దూరిపోతాయి, దాని పైన ఒక కరెంటు తీగ ఉంటే బైసన్ ఆగుతుంది. ఆ కంచె ఖర్చు బైసన్లు తెచ్చినవాళ్ళే మొత్తం పెట్టాలి, పక్క రైతు మీద సగం వేయకూడదు. నేనైతే ముందు ఇదే రాయించుకుంటాను.