ఆగస్టులో 140 బ్యాగులు, మేలో రెండింటి కోసం రోజంతా తిరుగుడు. మన రక్తం పక్క ఊరికి ఎందుకు పోదు?

పాల్వంచ క్యాంపు కుర్రాడు:
అన్నలూ, మా హీరో పుట్టినరోజుకి ఏటా బ్లడ్ క్యాంపు పెడతాం. మొన్న ఆగస్టులో ఒక్కరోజే 140 బ్యాగులొచ్చినయి. బిర్యానీ ప్యాకెట్లు చాల్లేదు, ఆ గొడవ వేరే. నెల తిరిగాక తెలిసింది, ఏబీ పాజిటివ్ కొన్ని వాడకుండానే ఎక్స్‌పైరీ అయ్యాయట. అంతకుముందు మే నెలలో, ఛత్తీస్‌గఢ్ కుంట వైపు నుంచి భద్రాచలం వచ్చిన సికిల్ సెల్ అనే రక్తం జబ్బున్న పిల్లకి బి పాజిటివ్ రెండు బ్యాగుల కోసం రోజంతా తిరిగాం. చివరికి ఖమ్మంలో దొరికింది. శ్రీలంకలో డోనర్‌ని తెమ్మని బంధువుల్ని అడగరట, నిజమేనా? వాళ్ల పద్ధతి మనకి కుదరదా?

రిటైర్డ్ టెక్నీషియన్, వరంగల్:
నిజమే తమ్ముడూ. 2014 నుంచి అక్కడ నూటికి నూరు శాతం స్వచ్ఛంద దాతలే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో హాస్పిటల్ గేటు దగ్గర రక్తం అమ్ముకునేవాళ్లు మాకు ముఖపరిచయమే. 1996లో ఆ అమ్మకం ఆపమని సుప్రీంకోర్టు తీర్పొచ్చింది, 1998 జనవరి 1 నుంచి వాళ్లు పోయారు. వాళ్ల జాగాలోకి పేషెంటు బావమరుదులు వచ్చారు! "డోనర్‌ని తెచ్చారా?" అన్నాకే శాంపిల్ అందుకోవడం నాకూ అలవాటైంది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

లంకలో సర్కారు బ్లడ్ బ్యాంకులన్నీ కొలంబో నారాహేన్‌పిటలోని జాతీయ కేంద్రం కింద ఉంటాయి. ఇక్కడ మిగిలింది అక్కడికి పంపు అని చెప్పడానికి ఒక మనిషి ఉన్నాడు. మనకి నాలుగు వేలకు పైగా బ్యాంకులు. ఒకటి సర్కారుది, ఒకటి రెడ్‌క్రాస్‌ది, ఇంకోటి ప్రైవేటుది. దేని లైసెన్సు దానిదే. ఒకరి నుంచి ఇంకొకరికి పంపుకోవచ్చని జాతీయ రక్తమార్పిడి మండలి ఎప్పుడో అనుమతిచ్చింది. 2016 నుంచి ఈ-రక్తకోశ్ అనే సర్కారు వెబ్‌సైటులో స్టాక్ కూడా చూడొచ్చు. కానీ బండి డీజిల్ ఎవరు పోయాలి? దారిలో పెట్టె పది డిగ్రీలు దాటితే సంతకం ఎవరు పెట్టాలి? అక్కడే ఆగుతుంది. కుంట పిల్లకి వాళ్ల ఊరికే పంపాలంటే మధ్యలో రాష్ట్రం హద్దు కూడా ఉందాయె.

ఇంకోటి. లంకలో పోయ అంటే పౌర్ణమి, ఆ రోజుల్లో బౌద్ధ గుళ్లలో క్యాంపులు పెడతారు. వాళ్ల పౌర్ణమి నెలనెలా వస్తుంది, మీ హీరో ఏడాదికోసారే పుడతాడు. రక్తం మామూలు బ్యాగులో 35 రోజులే నిలుస్తుంది, ప్లేట్‌లెట్లు అయిదు రోజులే.

తలసీమియా అమ్మ, హైదరాబాద్:
అన్నగారూ, పంపుకోవడం మంచిదే, కానీ నాకు భయం. తలసీమియా అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారవదు, మా బాబుకి మూడు వారాలకోసారి ఎక్కించాలి. మేము తీసుకునే చోట హెచ్‌ఐవీ, హెపటైటిస్‌లకి న్యాట్ టెస్టు చేస్తారు, అది వైరస్‌ని మామూలు టెస్టుకన్నా ముందే పట్టేస్తుంది. అన్ని బ్యాంకుల్లో చెయ్యరు, చట్టప్రకారం తప్పనిసరి కాదు. వేరేచోటి బ్యాగు వస్తే ఏ టెస్టు చేశారో అడిగి తెలుసుకోవాల్సింది నేనేనా? ముందు అందరికీ ఒకే పరీక్ష పెట్టండి, తర్వాత బండి.

బెంగళూరు తెలుగోడు:
అక్క చెప్పింది కరెక్టు. అయినా అవసరం మెడ మీదికొస్తే దేశాల హద్దులే దాటాయి. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే కనిపెట్టిన బాంబే గ్రూపు అనే అరుదైన రక్తం తెలుసుగా, మామూలు ఓ గ్రూపు కూడా వాళ్లకి పనికిరాదు. 2017లో మయన్మార్‌లో ఒకామె గుండె ఆపరేషన్‌కి ఆ రక్తం దావణగెరె నుంచి రెండు యూనిట్లు యాంగూన్ వెళ్లింది. ఏ ఒప్పందమూ కాదు, కొరియర్‌లో!

రిటైర్డ్ టెక్నీషియన్, వరంగల్:
అమ్మా, నీ మాటకి నా దగ్గర ఎదురు లేదు. న్యాట్ లేని బ్యాంకులో పనిచేసినవాణ్ణే నేను. తమ్ముడూ, ఆ 140 మందిని మూడు ముక్కలు చెయ్యి. ఆగస్టు, డిసెంబరు, ఏప్రిల్ చివర. పెట్టే ముందు బ్యాంకుకి ఫోన్ చేసి ఏ గ్రూపు తక్కువుందో అడుగు.

పాల్వంచ క్యాంపు కుర్రాడు:
ఏప్రిల్‌కి 45 మంది పేర్లు రాసుకున్నాం అన్నా. ఎండలు కదా, బిర్యానీ బదులు మజ్జిగ అంటే సగంమంది అలిగారు.