బకెట్ సిమ్యులేషన్‌లో తవ్వే బలం దాదాపు రెట్టింపు వస్తోంది, ఎక్కడ చూడాలి?

పుణే_కుర్రాడు:
అందరికీ నమస్తే. 20 టన్నుల ఎక్స్‌కవేటర్‌కి కొత్త బకెట్ డిజైన్ చేసే టీమ్‌లో జూనియర్‌ని. డీఈఎంలో (ఒక్కో గుండు కదలికనీ విడిగా లెక్కకట్టే సిమ్యులేషన్ పద్ధతి) మట్టిని చిన్న చిన్న గుండ్లుగా పోసి, బకెట్‌ని అందులోంచి లాగి పళ్ళ మీద పడే బలం చూస్తున్నా. మొరం కుప్ప పోసి వాలు కోణం కొలిచాం, సిమ్యులేషన్‌లో కుప్ప అచ్చం అలాగే నిలబడుతోంది. కానీ టెస్ట్ యార్డులో సిలిండర్ ప్రెషర్ల నుంచి లెక్కకట్టిన బలం నాదాంట్లో సగమే. గుండ్ల సైజు తగ్గించమని ఒకరు, రాపిడి తగ్గించమని ఇంకొకరు. వచ్చే వారం రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

బూమ్_ఆర్మ్_బకెట్:
తమ్ముడూ, రాపిడి జోలికి ఇప్పుడే పోకు. బకెట్‌ని ఎలా కదుపుతున్నావు? సిలిండర్లకు స్థిరమైన వేగం ఇచ్చి వదిలేశావా? అయితే నా అనుమానం ముందు దాని మీదే. వేగం నువ్వే రాసిచ్చాక సాఫ్ట్‌వేర్‌కి అలుపుండదు. ఎంత గట్టి నేలైనా చీల్చుకుపోయి, అందుకు ఎంత బలం కావాలో అంతా చూపిస్తుంది. నిజం మెషిన్‌కి అంత సీన్ లేదు. ఈ క్లాసులో, ప్రెషర్ మరీ పెరిగితే ఆయిల్ వదిలేసే రిలీఫ్ వాల్వ్ సుమారు 350 బార్ దగ్గర తెరుచుకుంటుంది. అంతకు ముందే, ఇంజిన్ ఆగిపోకుండా పంపు ఆయిల్ తగ్గించేస్తుంది, బకెట్ నెమ్మదిస్తుంది. ఇంజిన్ సౌండ్ మారగానే ఆపరేటర్ బూమ్ (మెషిన్‌కి తగిలించిన పెద్ద చెయ్యి) కాస్త ఎత్తి కోత పలచన చేస్తాడు. ఇవేవీ నీ మోడల్లో లేవు.

లింకేజ్‌ని, అంటే బూమ్, దాని చివరి ఆర్మ్, బకెట్ కలిపే కీళ్ళ కూర్పుని, మల్టీబాడీలో (కీళ్ళతో కలిసిన భాగాల కదలిక లెక్కకట్టే మోడల్), పంపు, వాల్వ్, సిలిండర్లని హైడ్రాలిక్ మోడల్లో పెట్టి డీఈఎంతో కలిపి నడుపు. మట్టి తిరిగి తోసే బలం సిలిండర్ దాకా వెళ్ళాలి, బకెట్ ఎంత కదిలిందో మట్టికి తెలియాలి.

గుండ్ల సైజు సంగతి. వ్యాసార్థం సగం చేస్తే అదే మట్టికి 8 రెట్ల గుండ్లు పడతాయి, టైమ్ స్టెప్ (ఒక్కో లెక్కకి ముందుకు జరిగే సమయం) కూడా సగమవుతుంది. మొత్తం 16 రెట్ల పని. రాత్రి పెట్టి పొద్దున చూసుకునే రన్ వారం దాటుతుంది, నీ రివ్యూ అయిపోతుంది. పళ్ళ సందులో ఇరుక్కోకుండా జారుతున్నాయా, అది చూడు. ఇరుక్కుంటే మాత్రం బలం దొంగగా పెరుగుతుంది.

కుప్ప కోణం ఒక్కటే నమ్మకు. జారుడు రాపిడి పెంచి దొర్లుడు రాపిడి తగ్గించినా, అటుది ఇటు చేసినా అదే కుప్ప వస్తుంది. 1979లో కండల్, స్ట్రాక్ ఈ పద్ధతిని ప్రచురించినప్పుడు లెక్క గుండ్రటి డిస్కులతో చేశారు. మన మొరం అంచులు తేలిన రాయి. ఆ అంచులకి బదులే దొర్లుడు రాపిడి. ఒక ఇనుప ప్లేటుని మట్టిలోకి నొక్కి, ఎంత లోతుకి ఎంత బలమో కొలిచి దానికీ సరిపెట్టు.

మొరం_ఓనర్:
నాకు కంప్యూటర్ సంగతి తెల్వదు, కరీంనగర్ దిక్కు రెండు ప్రొక్లెయిన్లు తిప్పుతున్న. మొరంల బకెట్ మంచిగనే నిండుతది. నల్లరేగడి తడిసినంక చూడుర్రి, అడుగున ముద్ద పట్టుకొని కూసుంటది, దులిపినా రాదు. ప్రతి ట్రిప్పుల అంత మట్టి తక్కువ, డీజిల్ మాత్రం అంతే. ఇంకోటి, మా పాత మెషిన్ ఆర్మ్ వెల్డింగు కాడ చీలింది. తవ్వేటప్పుడు కాదు, కాలువ గట్టును బకెట్ పక్కతోని తోసి సాపు చేస్తుంటె. అట్ల చెయ్యొద్దని ఎంత చెప్పినా డ్రైవర్లు చేస్తనే ఉంటరు.

బూమ్_ఆర్మ్_బకెట్:
అన్న చెప్పింది రాసిపెట్టుకో తమ్ముడూ. బ్రోషర్లో బకెట్ కెపాసిటీ 1:1 వాలుతో కుప్ప వేసినట్టు కట్టిన జ్యామితి లెక్క. తడి రేగడికి దాంతో పని లేదు. గుండ్ల మధ్య అతుకుడు ఉండే కాంటాక్ట్ మోడల్ వేరే పెట్టి, బకెట్ తిరగేసినా లోపల ఎంత మిగిలిందో చూడాలి. పక్క తోపుకి, మెషిన్ పైభాగాన్ని తిప్పే స్వింగ్ మోటార్ టార్క్‌ని బకెట్ పక్క అంచు మీద లోడ్‌గా ఇచ్చి, ఆర్మ్ వెల్డింగ్‌ని ఫెటీగ్‌లో (మళ్ళీ మళ్ళీ లోడ్ పడి చీలడం) చెక్ చెయ్యి. నేరుగా తవ్వే కేసొకటే చూస్తే ఆ చోటు రిజల్ట్ బొమ్మలో ఆకుపచ్చగా, సేఫ్‌గా కనిపిస్తుంది.

పుణే_కుర్రాడు:
స్థిర వేగమే ఇచ్చాను సర్. పంపు కర్వ్ (ఏ ప్రెషర్ దగ్గర ఎంత ఆయిల్ ఇస్తుందో చూపే గ్రాఫ్) హైడ్రాలిక్స్ వాళ్ళని అడిగాను, రేపు ఇస్తామన్నారు. ఆపరేటర్ బూమ్ ఎత్తడం కూడా మోడల్లో పెట్టాలా?

బూమ్_ఆర్మ్_బకెట్:
పెట్టు, కానీ సింపుల్‌గా. ఆర్మ్ సిలిండర్ ప్రెషర్ ఒక హద్దు దాటితే బూమ్ కొంచెం లేవాలి, తగ్గితే ఆగాలి. ఆ హద్దు ఎంతో నీ టెస్ట్ రికార్డింగుల్లోనే దొరుకుతుంది. బూమ్ లేచే ముందు ఆర్మ్ ప్రెషర్ ఎంతుందో చూడు.