ఆన్‌లైన్‌లో పాఠం చెప్పడానికి వేరే నేర్పు కావాలా, బోర్డు దగ్గరి అనుభవం చాలదా?

బీజగణితం (చర్చ ప్రారంభించినవారు):
ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మా యాజమాన్యం ఆన్‌లైన్ బోధన మీద మళ్లీ శిక్షణ పెట్టింది. లింకు ఎలా పంపాలి, స్క్రీన్ ఎలా చూపించాలి, మ్యూట్ ఎక్కడుంటుంది... అంతా ఇదే. గంటలో ఎవరైనా నేర్చుకునే విషయాలు! పాఠం చెప్పడం వచ్చినవారికి ఎక్కడైనా వస్తుంది, రానివారికి ఎంత ఖరీదైన కెమెరా కొనిచ్చినా రాదు. కాదనేవారు చెప్పండి.

కృష్ణాతీరం:
ఆ శిక్షణ దండగేనని ఒప్పుకుంటాను సార్, మిగతాది ఒప్పుకోను. తరగతిలో సగం పని మన కళ్లే చేస్తాయి. వెనక బెంచీలో ఎవరైనా నొసలు ముడిస్తే ఆ మెట్టు మళ్లీ చెబుతాం. తెరమీద 40 నల్లటి గడులుంటే ఎవరి నొసలు చూస్తారు? "అర్థమైందా?" అంటే చాట్‌లో "ఎస్ సార్" అని రోజూ ఆ నలుగురే రాస్తారు. నేను అలా అడగడం మానేశాను. చిన్న లెక్క ఇస్తాను. జవాబు టైపు చేసి ఉంచుకోండి, నేను చెప్పాకే పంపండి అంటాను. అన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి, పక్కవారిది చూసి రాసే వీలుండదు. ఎక్కువమంది ఏ తప్పు చేశారో దాన్ని బట్టి తర్వాతి పది నిమిషాల పాఠం మారిపోతుంది.

బీజగణితం:
పలకల మీద రాయించి ఎత్తి చూపించమంటే అదే కదా మేడమ్? కొత్తేముంది?

సుద్దముక్క:
కొత్తది ఎదురుచూడటం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే గమనించిన విషయం ఇది: ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సాధారణంగా ఒక్క సెకను ఆగుతారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయి, ఎప్పుడూ నోరు విప్పనివారూ మాట్లాడతారు. ఆన్‌లైన్‌లో మ్యూట్ తీయడానికే మూడు సెకన్లు పోతాయి, నెట్ ఆలస్యం అదనం. పదైనా ఆగాలి. మాటలేని ఆ పది సెకన్లు భరించడం సీనియర్లకే ఎక్కువ కష్టం, జవాబు వాళ్లే చెప్పేస్తారు. మీరు నమ్ముకున్న అనుభవమే ఇక్కడ అడ్డుపడుతుంది బీజగణితం గారూ.

సర్కారు_బడి:
2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. టీవీకి ప్రశ్న వేయలేరు కదా. పాఠం అయ్యాక పిల్లల ఇళ్లకు ఫోన్ చేసి, వర్క్‌షీట్లు దిద్ది, ఎక్కడ ఆగిపోయారో పట్టుకోవడమే మా వంతు బోధన. ఆ పని మాకు ఎవరూ నేర్పలేదు. ఫోన్‌లో తల్లి పక్కనుండగా పిల్లవాడి చేత "రాలేదు" అనిపించడం చిన్న విద్య కాదు.

డిగ్రీ_రెండో_ఏడు:
విద్యార్థిగా నా మాట. గంటసేపు స్లైడ్లు చదివి వినిపించకండి, చదవడం మాకూ వచ్చు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది ఏమిటంటే, ఆరు నిమిషాలు దాటిన వీడియోలను చివరిదాకా చూసేవారు తక్కువ. చేత్తో రాస్తూ చెప్పినవాటిని స్లైడ్ల కంటే ఎక్కువసేపు చూశారట.

బీజగణితం:
చేత్తో రాయడం! అంటే బోర్డు విద్యే కదా. నేను మొదటినుంచీ అంటున్నది అదే.

సుద్దముక్క:
తొందరపడకండి. ఆ లెక్క రికార్డు చేసిన వీడియోలది, ప్రత్యక్ష తరగతిది కాదు. అయినా అందులో మీకు పనికొచ్చేది ఉంది. సూత్రం నిరూపణను చిన్న ముక్కలుగా రికార్డు చేసి ముందే పంపండి. తరగతి సమయమంతా పిల్లల చేత లెక్కలు చేయించడానికి మిగులుతుంది. ఏది ముందే పంపాలి, ఏది ఎదురుగా చేయించాలి అనే ఎంపిక బోర్డు దగ్గర మనకు ఎప్పుడూ అవసరపడలేదు.

బీజగణితం:
సరే, మ్యూట్ పాఠం తీసేసి ఇలాంటివి పెడితే శిక్షణకు నేనే ముందు వరసలో కూర్చుంటాను. కెమెరా విషయంలో మాత్రం తగ్గను. ముఖం చూపించనివారికి హాజరు వేయను.

డిగ్రీ_రెండో_ఏడు:
ఇంట్లో ఉన్నది ఒకే గది సార్, నా వెనకాలే అమ్మ వంట చేస్తుంటుంది. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా, మధ్యాహ్నానికే అయిపోతుంది. హాజరు కావాలంటే కృష్ణాతీరం మేడమ్ చెప్పినట్టు లెక్క ఇవ్వండి. జవాబు పంపినవారే వచ్చినట్టు.

బీజగణితం:
జవాబు మీ అన్నయ్య పంపితే?